గని ముఖద్వారం, గని ఆవరణ: సింగరేణి చరిత్రను నేలమీద నుంచి చదవడం

1. పరిచయం

బొగ్గుగని చరిత్ర అనగానే మన ఊహ చీకటి సొరంగంలోకి పోతుంది. చరిత్ర విద్యార్థి మాత్రం మొదట నేలమీద నిలబడాలి. దానికి కారణం చాలా మామూలుది. లోపలి భాగం నిలవదు. బొగ్గు తీసేసిన చోట కప్పు కూలుతుంది, లేదా ఆ ఖాళీని ఇసుకతో నింపుతారు, లేదా నీరు చేరుతుంది. పది ఇరవై ఏళ్ల కిందట మనుషులు నడిచిన దారిని ఇవాళ చూడటం దాదాపు అసాధ్యం. పైన ఉన్నవి, అంటే గని నోరు, ఇంజన్ గది, దీపాల గది, ఫ్యాన్ హౌస్, హాజరు వేసే కిటికీ, రైలు పట్టాలు, మట్టిగుట్టలు, కొంతకాలమైనా నిలుస్తాయి. పైగా ఎవరు లోపలికి పోవచ్చు, ఎన్ని గంటలకు పోవాలి, తీసిన బొగ్గు ఎంతని ఎవరు లెక్కకట్టాలి అనే నిర్ణయాలన్నీ జరిగింది ఆ నోటి దగ్గరే. ఈ పాఠంలో మనం లోపలికి దిగకుండా, గని ఆవరణను ఒక చారిత్రక పత్రంలా చదువుతాం.

ఈ పుస్తకం గూడెం కొత్తవీధి, చింతపల్లి వైపు విద్యార్థుల చేతికి కూడా వెళ్తుంది. వాళ్లకు సహజంగా ఒక సందేహం వస్తుంది: మా కొండల్లో బొగ్గు ఉందా? లేదు. తూర్పు కనుమల్లో మీ కాళ్ల కింద ఉన్న ఖొండలైటు వంటి రాళ్లు చెట్లు అనేవి భూమ్మీద పుట్టక ముందే ఏర్పడినవి. బొగ్గు కావాలంటే అడవులు మునిగి, పూడిపోయి, కోట్ల సంవత్సరాలు నలగాలి. ఆ పని మన దగ్గర జరిగింది గోదావరి లోయలో, దాదాపు 350 కిలోమీటర్ల పొడవున వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన గోండ్వానా శిలల పట్టీలో. మీ కొండల నెత్తిన ఉన్నది బాక్సైటు. దాని సంగతి చివర్లో వస్తుంది, ఎందుకంటే బాక్సైటు గనికి నోరే ఉండదు.

పేర్ల విషయంలో ఒక చిన్న మాట. మీరు జీకే అంటే గూడెం కొత్తవీధి. సింగరేణి కార్మికుడికి కొత్తగూడెంలో జీకే అంటే గౌతంఖని. గూడెం, కొత్త అనే రెండు మాటలూ అటూ ఇటూ ఉన్నాయి. గూడెం అంటే కొద్దిపాటి ఇళ్లున్న పల్లె. మీ గూడెం ఒక వీధి వేసుకుని ఊరయింది, ఆ గూడెం బొగ్గు నోళ్లు తెరుచుకుని పట్టణమయింది. రెండూ అడవి అంచున, గిరిజనుల నేలమీద పుట్టినవే.

2. మొదటి నోరు: ఇల్లందు

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు పొరను గుర్తించాడు. అక్కడి ముఖ్యమైన పొరకు ఇప్పటికీ ఆయన పేరే, కింగ్ సీమ్. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో వంటకు నల్లరాళ్లతో పొయ్యి పెట్టారనీ, ఆ రాళ్లే మండిపోయాయనీ ఒక కథ సింగరేణి ప్రాంతమంతా చెబుతారు. అందమైన కథే, కానీ పరీక్షలో దానిని ఆధారంగా రాయకండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో కూడా నెకో ఆలెన్ అనే వేటగాడు 1790లో వేసుకున్న చలిమంటకు కిందనున్న రాయి అంటుకుందని అచ్చం ఇలాంటి కథే ఉంది. ఇవి జరిగాయా లేదా అన్నది ఒకటి. స్థానికులకు ఆ రాయి ముందే తెలుసునన్న సంగతిని ఇలాంటి కథలు దాచుకుని ఉంటాయన్నది మరొకటి. రెండోది నాకు ముఖ్యం.

బొగ్గు దొరికిన 15 ఏళ్లకు, 1886లో, ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఇల్లందు వద్ద తవ్వకం మొదలైంది. ఈ మధ్యకాలం ఎందుకు పట్టింది? బొగ్గు బరువైన సరుకు, చవకైన సరుకు. ఎద్దుబండి మీద యాభై మైళ్లు పోతే బొగ్గు ధర కన్నా బండి కిరాయే ఎక్కువవుతుంది. కాబట్టి గని నోరు తెరవాలంటే ముందు రైలు రావాలి. నిజాం రైల్వే వరంగల్ మీదుగా బెజవాడ వైపు సాగిన రోజుల్లోనే డోర్నకల్లు నుంచి ఒక కొమ్మ బొగ్గు దగ్గరికి పోయింది. ఆ కొమ్మ చివరి స్టేషనుకు ఊరి పేరు పెట్టలేదు, సింగరేణి కాలరీస్ అని పెట్టారు. గని అవసరమే స్టేషనుకు పేరయింది. ఇల్లందును బొగ్గుట్ట అని పిలిచేవారు ఈనాటికీ ఉన్నారు.

1920 డిసెంబరు 23న ది సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరుతో కొత్త కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను తీసుకుంది. దాని వాటాలు లండన్ మార్కెట్లో చలామణి అయ్యేవి. 1945లో హైదరాబాద్ రాజ్యం ఎక్కువ వాటాలు కొన్నది. 1956 పునర్విభజనతో అజమాయిషీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49 శాతం. యాజమాన్య చరిత్ర ఇంతకుమించి మనకు ఇక్కడ అక్కరలేదు.

3. నోటి రకాలు

బొగ్గు పొరను చేరడానికి మూడు దారులున్నాయి. కొండ పక్కన పొర బయటికి కనబడితే అడ్డంగా తవ్వుకుంటూ పోవచ్చు, అది అడిట్. పొర నేలకు దగ్గరగా మొదలై లోతుకు వాలుతుంటే ఏటవాలుగా సొరంగం వేస్తారు, అది ఇంక్లైన్. పొర బాగా లోతున ఉంటే నిలువునా బావి తవ్వాలి; అది షాఫ్టు. బ్రిటన్, బెంగాల్ బొగ్గు చరిత్ర చదివితే షాఫ్టుల మాట ఎక్కువగా వినిపిస్తుంది. సింగరేణిలో మాత్రం ఇంక్లైనుదే రాజ్యం. గోదావరి లోయలో పొరలు చాలాచోట్ల నేల దగ్గరే తలెత్తి, క్రమంగా లోతుకు వాలుతాయి. నాలుగడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు దిగేంత వాలుతో సొరంగం వేస్తే తక్కువ ఖర్చుతో బొగ్గును అందుకోవచ్చు. ఎత్తయిన హెడ్‌గేర్ అక్కరలేదు, వైండింగ్ ఇంజన్ అక్కరలేదు. ఒక హాలేజి ఇంజన్, ఒక ఇనుప తాడు, కొన్ని టబ్బులు ఉంటే పని మొదలవుతుంది.

అందుకే సింగరేణిలో గనికీ దాని నోటికీ ఒకే పేరు. ఫలానా నంబరు ఇంక్లైన్ అంటే ఆ గని మొత్తం. గోదావరిఖనిలో 8 ఇంక్లైన్ కాలనీ అంటే బడులూ దుకాణాలూ ఉన్న నివాస ప్రాంతం. సొరంగపు దారి పేరు ఇళ్ల మధ్యకు వచ్చి స్థిరపడింది. కార్మికులు ఈ సాంకేతిక పదాలను పెద్దగా పట్టించుకోలేదు. ఏటవాలు సొరంగమైనా, నిలువు షాఫ్టయినా వాళ్లకది బాయి. పనికి పోవడం బాయి దిగడం. తెలంగాణ పల్లెలో బాయి అంటే నీళ్ల బావి. వ్యవసాయం వదిలి వచ్చిన మనిషి తనకు తెలిసిన మాటనే కొత్త గోతికి పెట్టుకున్నాడు. మాటల చరిత్ర కూడా చరిత్రేనని గుర్తుంచుకోండి.

ఇంక్లైన్ కంపెనీకి చవక. కార్మికుడికి? షాఫ్టులో కేజి ఎక్కితే నిమిషాల్లో అడుక్కి చేరతాడు. ఇంక్లైనులో నడవాలి. గని పాతబడే కొద్దీ పని జరిగే చోటు దూరమవుతుంది. ఎనిమిది గంటలు పని చేసి, తట్టా చెమ్మసూ మోసి అలసిన ఒంటితో తిరిగి ఎక్కాలి, అదీ గాలి తక్కువగా ఆడే వేడిలో. మనుషులను కూర్చోబెట్టి తీసుకుపోయే యంత్రాలు సింగరేణి గనుల్లోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. బొగ్గును తాడు కట్టి లాగాలని మొదటి రోజే తోచింది. మనిషిని లాగాలని తోచడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ నడక సమయం పనిగంటల్లో కలుస్తుందా అన్నది ప్రపంచమంతటా గనుల్లో పెద్ద తగాదా. బ్రిటన్‌లో 1908లో వచ్చిన ఎనిమిది గంటల చట్టం చివరి మనిషి దిగిన క్షణం నుంచి మొదటి మనిషి పైకి వచ్చే క్షణం దాకా లెక్కపెట్టింది; దించే సమయం, ఎత్తే సమయం మనిషికి పూర్తిగా కలిసిరాలేదు. అమెరికాలో 1945లో జువెల్ రిడ్జ్ కోల్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు గని నోటి నుంచి పని చోటుకు పోయే ప్రయాణమూ పనే అని తేల్చింది. గడియారం ఎక్కడ వేలాడాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. వేలమంది జీవితాల్లో రోజుకు గంట ఎవరిదన్నది ఆ ప్రశ్న.

4. రెండు దారులు ఎందుకు?

ఏ బొగ్గుగని ఆవరణలోకి వెళ్లినా, కొంచెం ఎడంగా రెండు నోళ్లు కనిపిస్తాయి. ఒకదాని గుండా గాలి లోపలికి పోతుంది, రెండోదాని గుండా చెడుగాలి బయటికి వస్తుంది. రెండోదాని దగ్గర ఫ్యాన్ హౌస్ ఉంటుంది. పెద్ద ఫ్యాను గాలిని లాగుతూ ఉంటుంది. దాని రొద ఆగిందంటే లోపలి వారిని బయటికి తీయాల్సిన పరిస్థితి వస్తుంది. గాలి కోసమే అయితే ఒకే షాఫ్టును మధ్యలో చెక్కగోడతో విభజించినా సరిపోతుందని పాతకాలపు యజమానులు అనుకున్నారు. రెండో షాఫ్టు తవ్వడం ఖర్చు కదా.

1862 జనవరి 16న ఇంగ్లండు ఉత్తర భాగంలోని హార్ట్లీ గని ఆ లెక్కను బద్దలు కొట్టింది. ఆ గనికి ఒకటే షాఫ్టు. దాని నోటి పైన నీరు తోడే ఇంజన్ తాలూకు పెద్ద పోత ఇనుప దూలం ఉండేది, బరువు 40 టన్నులకు పైనే. అది విరిగి షాఫ్టులో పడింది. గోడలు ఊడి దారి మూసుకుపోయింది. లోపల ప్రాణాలతో ఉన్నవాళ్లను చేరడానికి వేరే దారి లేదు. 204 మంది పురుషులు, పిల్లలు చనిపోయారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు ప్రతి గనికీ రెండు దారులుండాలని చట్టం చేసింది. గమనించండి: ఈ ప్రమాదానికి మూలం గ్యాసు పేలుడూ కాదు, కూలిన కప్పూ కాదు. నేలమీది యంత్రం.

ఆ నియమమే మన దేశపు గనుల చట్టాల్లోకి వచ్చింది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు కనీసం రెండు దారులుండాలనీ, అవి ఎక్కడా 13.5 మీటర్ల కన్నా దగ్గరగా ఉండరాదనీ చెప్పాయి. గని నోటి అతి తక్కువ ఎత్తు, ఆ చోట నమోదైన అత్యధిక వరద మట్టానికి 1.5 మీటర్లయినా పైన ఉండాలనీ చెప్పాయి. గోదావరి, దాని ఉపనదుల పక్కన గనులున్న మన ప్రాంతంలో ఇది పుస్తకాల నియమంగా మిగిలిపోయేది కాదు. ఇంక్లైన్ నోటి చుట్టూ గట్టు ఎత్తుగా ఎందుకు పోశారో, దారి మొదట కొంచెం పైకెక్కి తర్వాత ఎందుకు దిగుతుందో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

అయితే నోటిని ఎంత ఎత్తు చేసినా లోపలి నీటికి అది అడ్డు కాదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలలో పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. ఇలాంటి రోజుల్లో గని నోరే ఊరికంతటికీ కేంద్రం అవుతుంది. కుటుంబాలు నిలబడేది అక్కడే, పేర్లు చదివేదీ అక్కడే.

5. హాజరు, దీపం, తక్కెడ

బాయి దిగే మనిషి ఆవరణలో కొన్ని కిటికీల ముందు ఆగాలి. మొదటిది హాజరు కిటికీ. సింగరేణి మాటల్లో మస్టర్ పడటం. మస్టర్ పడకపోతే ఆ రోజు లేనట్టే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. తర్వాత దీపాల గది. 1815లో హంఫ్రీ డేవీ జాలీ చుట్టిన దీపాన్ని తయారుచేశాక గనుల్లో దీపం వెలుగు మాత్రమే ఇచ్చే వస్తువుగా ఉండిపోలేదు. మంట ఆకారం మారితే గ్యాసు ఉందని తెలుస్తుంది. తలమీది కరెంటు దీపాలు వచ్చాక దీపాల గది ఇంకో పని కూడా చేసింది. ప్రతి దీపానికీ ఒక నంబరు, ప్రతి మనిషికీ ఒక దీపం. షిఫ్టు దిగాక గూటిలో ఖాళీగా ఉన్న నంబరు ఎవరు ఇంకా లోపలే ఉన్నారో చెబుతుంది. అగ్గిపెట్టె, బీడీ వెతికే తనిఖీ కూడా ఇక్కడే. తనిఖీ భద్రత కోసమే. అయినా పెద్దమనిషి జేబులు రోజూ ఎవరో తడమడం వల్ల కలిగే చిన్నతనం కూడా నిజమే. చరిత్రకారుడు రెండింటినీ రాయాలి.

షాఫ్టు గనుల్లో నోటి దగ్గర నిలబడే బ్యాంక్స్‌మన్ అనే మనిషి ఉంటాడు. కేజిని ఎత్తాలా దించాలా అని ఇంజన్ డ్రైవరుకు గంట కొట్టి చెబుతాడు. ఒక గంట అంటే కదులుతుంటే ఆపు, ఆగి ఉంటే ఎత్తు. రెండు గంటలు దించు. మూడు గంటలు మనుషులు ఎక్కుతున్నారు. డ్రైవరుకు కేజి కనిపించదు; ఆ గంటల మీదే అతని నమ్మకం, లోపలి వాళ్ల ప్రాణం.

ఇక తక్కెడ. బొగ్గు నింపేవాడికి ఎన్ని టబ్బులు నింపితే అంత కూలీ అనే పద్ధతి చాలా గనుల్లో నడిచింది. లెక్క పైన జరుగుతుంది, నింపినవాడు కింద ఉంటాడు. టబ్బు పూర్తిగా నిండలేదనో, రాయి కలిసిందనో పైనున్న గుమస్తా కోత పెడితే కిందివాడికి తెలిసేది సాయంత్రమే. గూడెం కొత్తవీధి విద్యార్థికి ఇది చెప్పనక్కరలేదు. చింతపండో, అడ్డాకులో, పిప్పళ్లో నెత్తిన మోసుకుని సంతకు దిగితే అక్కడ షావుకారు తక్కెడ ఏమనేదో మీ తాతలకు తెలుసు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది కొంతవరకు ఆ తక్కెడకు జవాబుగానే. బొగ్గు కార్మికులు వేరే జవాబు కనిపెట్టారు. బ్రిటన్‌లో 1860 చట్టం ద్వారా కార్మికులు తమ తరఫున ఒక మనిషిని తక్కెడ పక్కన నిలబెట్టే హక్కు సాధించారు. అతని జీతం కార్మికులే చందాలు వేసుకుని ఇచ్చేవారు. యజమాని మీద ఆధారపడని, లెక్క వచ్చిన మనిషి రోజంతా గని నోటి దగ్గర ఉండటంతో, బ్రిటిష్ గని సంఘాల నాయకులు చాలామంది ఆ స్థానం నుంచే ఎదిగారు. నా మటుకు, కార్మిక చరిత్రలో సమ్మెలకన్నా ఈ తక్కెడ హక్కే ఎక్కువ శ్రద్ధగా చదవాల్సిన అధ్యాయం.

6. ఆవరణలో స్త్రీలు

బెంగాల్, బీహారు గనుల్లో కుటుంబాలు కలిసి దిగేవి: భర్త తవ్వితే భార్య తట్టతో ఎత్తేది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1929 నియమాలతో భూగర్భంలో స్త్రీల పనిని దశలవారీగా తగ్గిస్తూ 1937 నాటికి నిషేధించింది. యుద్ధకాలంలో బొగ్గు చాలక 1943లో నిషేధం సడలించి, 1946లో మళ్లీ పెట్టింది. స్త్రీల రక్షణ కోసమని చెప్పిన నియమం యుద్ధం రాగానే ఎంత తేలిగ్గా పక్కకు పోయిందో చూడండి. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి పెట్టుకోకూడదనీ, పైన కూడా ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే పని ఇవ్వాలనీ చెప్పింది.

దీంతో స్త్రీలకు మిగిలింది ఆవరణ. బొగ్గులోంచి రాయి ఏరడం, జల్లెడ పట్టే చోట నిలబడటం, బండ్లలోకి, వ్యాగన్లలోకి ఎత్తిపోయడం. ఇవి ఆవరణలో అన్నిటికన్నా దుమ్ము పనులు. తర్వాత ఏమైంది? జల్లెడలు, బెల్టులు, బంకర్లు ఉన్న కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్లు వచ్చాయి. చేతులతో చేసే పని పోయింది. లోపలి నుంచి చట్టం పంపేస్తే, పైనుంచి యంత్రం పంపేసింది. పసిపిల్లల గది, గని దగ్గర స్నానాల గది వంటివి చట్టంలో చేరుతున్న కాలమూ ఇదే. పిట్‌హెడ్ స్నానాల నియమాలు 1959లో వచ్చాయి. పిల్లల గది కట్టే నాటికి తల్లుల సంఖ్య తగ్గుతూ వచ్చిందన్నది ఒక విచిత్రం. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాల్లో స్త్రీలు తమ సమ్మతితో పగటిపూట భూగర్భంలో పనిచేయవచ్చనీ, ఉపరితలంలో రాత్రి పని కూడా చేయవచ్చనీ అనుమతించింది. తట్ట మోసిన స్త్రీకి మూసిన తలుపు, డిప్లొమా ఉన్న స్త్రీకి తెరుచుకుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి: సింగరేణిలో షాఫ్టుల కన్నా ఇంక్లైన్లు ఎందుకు ఎక్కువ? దాని వల్ల కంపెనీకి, కార్మికుడికి కలిగిన ఫలితాలను వేర్వేరుగా పది పంక్తుల్లో రాయండి.

7. గేటు

హాజరు కిటికీ ముందు గుమిగూడే మనుషులే గేట్ మీటింగుకు సభ. సింగరేణిలో సంఘాల చరిత్ర చాలావరకు గని గేటు దగ్గర, షిఫ్టు మారే ఆ అరగంటలో జరిగింది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే చోట కలిసేది అప్పుడే. అందుకే ఉపన్యాసాలు చిన్నవిగా ఉంటాయి, నినాదాలు సూటిగా ఉంటాయి. 1998లో గుర్తింపు సంఘం కోసం రహస్య ఓటు పద్ధతిలో తొలి ఎన్నికలు జరిగాయి. అప్పటికి దశాబ్దాలుగా చేతులెత్తి, గొంతెత్తి గేటు దగ్గర చెప్పిన అభిప్రాయం ఓటు పెట్టెలోకి వచ్చింది. 2011 సెప్టెంబరులో మొదలైన సకల జనుల సమ్మెలో గని కార్మికులు బాయి దిగకుండా ఆగినప్పుడు దాని ప్రభావం కరెంటు కోతల రూపంలో దూరపు పట్టణాలకు కూడా తెలిసింది. గని నోటికీ మన ఇంటి దీపానికీ మధ్య ఉన్నది ఒక రైలు దారి, ఒక విద్యుత్ కేంద్రం మాత్రమే.

8. నోరు లేని గని

1975లో సింగరేణి రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ పద్ధతి మొదలుపెట్టింది. బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ మొత్తం తీసేసి బొగ్గును పగటి వెలుగులో తవ్వడం. ఉత్పత్తి పెరిగింది, భూగర్భ ప్రమాదాలు తగ్గాయి. ఇది కాదనలేం. కానీ మన పాఠం దృష్టితో చూస్తే పెద్ద మార్పే జరిగింది. భూగర్భ గనిలో నోరు ఎంత చిన్నదైనా కింద చాలా దూరం పని నడుస్తుంది. పైన పొలమో అడవో కొంతవరకు ఉంటుంది. ఓపెన్‌కాస్టులో పైనున్న ఊరు, చెరువు, గుడి, శ్మశానం అన్నీ గనిలో భాగమే. దీపాల గది అక్కరలేదు, కేజి అక్కరలేదు, వేలమంది మనుషులూ అక్కరలేదు. వాటి స్థానంలో మట్టిగుట్టలు వచ్చాయి. వీటిని ఓబీ గుట్టలంటారు. మంథని, మణుగూరు, ఇల్లందు వైపు ప్రయాణించేవారికి ఆకాశం అంచున చదునైన నెత్తితో కనిపించేవి కొండలు కావు.

మట్టిగుట్ట కూడా ఉపరితల నిర్మాణమే, దానికీ ఇంజనీరు అవసరమే. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో గని పైన పోసిన వ్యర్థపు గుట్ట వర్షాలకు జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. గని లోపల ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక మీ కొండల సంగతి. బాక్సైటు కొండ నెత్తిన పొరగా ఉంటుంది. దానికి సొరంగం అక్కరలేదు, కొండ తలను చెక్కితే చాలు. గూడెం కొత్తవీధి మండలంలోని జెర్రెల కొండలను తవ్వాలన్న ప్రతిపాదన మీకు తెలిసిందే. 2015లో అటవీ భూమి కేటాయిస్తూ వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, గిరిజనుల వ్యతిరేకత తర్వాత ముందుకు సాగలేదు, 2019లో రద్దయింది. దీని వెనుక 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిన ఆ కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజులివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థలను వేరుగా చూసింది. ఇల్లందు, మణుగూరు కూడా షెడ్యూల్డ్ ప్రాంతాలే. ఇల్లందులో మొదటి నోరు తెరిచిన 1889లో కోయల నేల గురించి కోయలను అడగాలని ఏ చట్టమూ చెప్పలేదు. జెర్రెల దగ్గరికి వచ్చేసరికి చట్టం ఒకటి ఉంది, దానిని చదివిన మనుషులూ ఉన్నారు. బొగ్గునీ బాక్సైటునీ పోల్చి రాసే ప్రశ్న వస్తే ఈ తేడాను వదలకండి.

9. మూసివేత, మిగిలినవి

బొగ్గు అయిపోగానే గని నోటిని గోడ కట్టి మూస్తారు. ఇది అవసరమే, తెరిచి ఉంచిన పాత నోరు పశువులకూ పిల్లలకూ ప్రమాదం, లోపలి బొగ్గు గాలి తగిలి అంటుకునే భయమూ ఉంది. గని మూసివేతకు ముందే ప్రణాళిక ఉండాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లో మార్గదర్శకాలిచ్చింది. వాటి దృష్టి ప్రధానంగా నేల, నీరు, భద్రత మీద. యంత్రాలు ఇనుము ధరకు పోతాయి. పట్టాలు లేస్తాయి. హాజరు రిజిస్టర్లు చెదలు తింటాయి.

జర్మనీలో ఎస్సెన్ నగరపు త్సోల్‌వెరైన్ గని 1986లో మూతపడింది. 1932 నాటి దాని హెడ్‌గేర్‌ను కూల్చలేదు. 2001లో ఆ ఆవరణ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వేల్స్‌లోని బిగ్ పిట్ 1980లో ఆగిపోయి 1983లో సందర్శకులకు తెరుచుకుంది. పాత కార్మికులే దారి చూపారు. ఇల్లందులో 1889 నాటి పని గుర్తులు ఎంతవరకు మిగిలాయో నమోదు చేయడానికి ఇంతటి ఖర్చు అక్కరలేదు. ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకం, బాయి దిగిన పెద్దమనిషి పక్కన రెండు గంటల సమయం చాలు. ఆ పెద్దమనుషులు మాత్రం ఎక్కువకాలం ఉండరు.

10. క్షేత్ర అభ్యాసం

బొగ్గు ప్రాంతపు విద్యార్థులు మూతపడిన ఒక గని ఆవరణను బయటి నుంచే చూసి పటం గీయండి. మూసిన నోటి దగ్గరికీ, మట్టిగుట్ట మీదికీ పోవద్దు. హాజరు కిటికీ ఎక్కడ ఉండేది, దీపాల గది ఎక్కడ, గేట్ మీటింగు ఏ చెట్టు కింద జరిగేది అని పాత కార్మికులను అడిగి పటంలో గుర్తించండి. వాళ్లు వాడిన మాటలను దిద్దకుండా అలాగే రాయండి.

గూడెం కొత్తవీధి వైపు విద్యార్థులు గని కోసం వెతకనక్కరలేదు. గిరిజన సహకార సంస్థ డిపోనో, కాఫీ గింజలు తూచే షెడ్డునో, పాత అటవీ చెక్‌పోస్టునో ఒకటి ఎంచుకోండి. సరుకు ఏ వైపు నుంచి వస్తుంది, మనిషి ఎక్కడ నిలబడతాడు, తక్కెడ ఎవరి వైపు తిరిగి ఉంటుంది, చీటీ ఎవరు రాస్తారు, రాసింది అవతలి మనిషి చదవగలడా అన్నవి పటంతో పాటు రెండు పుటల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలో తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి.